సుందరమ్మ కర్ర చప్పుడు కోసం టెక్కలి ప్రయాణం

నా పేరు తామాడ నీలమ్మ. భర్త దాలయ్య, ఇప్పుడు లేడు. ఆధార్ కార్డులో నాకు డెబ్బై ఒకటి వేశారు, అది వాళ్ళ లెక్క. నా లెక్కకి డెబ్బై నాలుగు. వజ్రపుకొత్తూరు అవతల, సముద్రం చప్పుడు వినబడే ఉద్దానం ఊళ్ళో ఉంటాను. ఊరి పేరు చెప్పను. చెబితే మీరంతా వచ్చి మా జీడితోటల్లో నీళ్ళ సీసాలు పడేసి పోతారు. ఇంట్లో నేను, నా కొడుకు, కోడలు సుజాత, ఒక ఆవు. నాకు చదువు రాదు. సుజాత అంగన్‌వాడీలో పని చేస్తుంది, సెలవొస్తే ఊళ్ళు తిరుగుతుంది, తిరిగిన ఊళ్ళ గురించి ఫోనులో రాస్తుంది. ఏ బస్సెక్కాలి, ఎక్కడ తినాలి అని జనం అది చదువుకుని బయల్దేరతారట. ఈసారి ఆ చోట నా మాట రాయమన్నాను. రాతలో నా మాట కొంచెం బడి మాటలా మారుతుందంటే సరే అన్నాను, అర్థం మాత్రం మారకూడదు. చివర మొత్తం చదివి వినిపించాలి, అప్పుడే నిశానీ వేస్తాను. ఇంటికెళ్ళాక తీరిగ్గా రాస్తానంది. నేనొప్పుకోలేదు. టెక్కలిలో, సినిమా వేసిన హాలు వరండాలోనే కూర్చోబెట్టి రాయిస్తున్నాను. తీరిక దొరికితే మనుషులు మాటని చక్కబెడతారు. ఇవాళ నాకు జరిగింది కూడా అదే.

నలభై ఏళ్ళ పైమాట. టెక్కలి చర్చిలో పాడే నలుగురు కుర్రాళ్ళు గిటార్లు పట్టుకుని, 'ఉప్పుగాలి' అని పేరు పెట్టుకుని రాక్ పాటలు మొదలుపెట్టారు. ఆ గోల చర్చి ఆవరణలో వద్దని పాస్టరుగారు తరిమితే, సైకిళ్ళ మీద మా జీడితోటకొచ్చి సాధన చేసేవారు. వాళ్ళ మీద మద్రాసు నుంచి ఒకాయన వచ్చి సినిమా తీశాడు. కథ సినిమా కాదు. వాళ్ళు తినేది, తగువులాడేది, పాడేది, ఉన్నదున్నట్టు. ఒకరోజు నేనూ, నా యారాలు సుందరమ్మా, అంటే మా ఆయన తమ్ముడి పెళ్ళాం, తోటలో కూర్చుని కాల్చిన జీడిపిక్కలు రాయి మీద పెట్టి కర్రతో కొడుతున్నాం. కెమెరా చూసి, పరాయి మగాడికి మొహాలు చూపించేది లేదని వీపులు తిప్పేశాం. బ్యాండులో పాడే సామ్యేలు కాసేపు మా చప్పుడు విన్నాడు. ఆపొద్దు వదినా అని, ఆ చప్పుడు మీదే పాట ఎత్తుకున్నాడు. వాళ్ళకి పేరు తెచ్చింది ఆ పాటే.

ఆ తర్వాత మూడేళ్ళకి సుందరమ్మ పోయింది. కాళ్ళు వాచి, ఒళ్ళు వాచి పోయింది. మా వైపు ఆ రోగానికి అప్పట్లో పేరు కూడా లేదు, ఇప్పుడు కిడ్నీల జబ్బంటున్నారు. దానికి పిల్లల్లేరు, ఫోటో లేదు. సినిమాలో కూడా వీపే. ఆ పాట వెనక దాని కర్ర చప్పుడొక్కటే ఈ భూమ్మీద మిగిలింది. ఎప్పుడైనా రేడియోలో ఆ పాట వస్తే నేను గిటారు వినేదాన్ని కాదు.

పోయిన వారం సుజాత ఫోను చూస్తూ, "అత్తా, మీ సినిమాని కొత్తగా సేసినారట. ఆదివారం టెక్కలిలో ఆట ఏత్తారట" అంది.

"కొత్తగా సేయడమేటే? అదేటి గోడా, సున్నం కొట్టడానికి?"

పాత రీలు పాడైపోతుంటే మిషన్ల మీద గీతలు, మరకలు తీసి, శబ్దం శుభ్రం చేశారని చెప్పింది. ఫోనులో పెట్టిన పాట ముక్క చూసినవాళ్ళు ఏమంటున్నారో చదవమన్నాను. ఒకామె ఏడుపొచ్చేసిందని రాసిందట. ఒకాయన, సామ్యేలన్న పక్కన కూర్చుని పాడినట్టుందని రాశాడట. బరంపురం నుంచి ఇంకొకాయన రాసింది ఇది: వెనకాల ఆ టకటక పోయింది, హమ్మయ్య, ఇన్నాళ్ళకి పాట పాటలా ఉంది.

"ఆ సివరిది మళ్ళీ సదువు" అన్నాను.

మళ్ళీ చదివింది. ఆవుకి మేత వెయ్యడానికి లేచినదాన్ని అక్కడే కూర్చుండిపోయాను. ఇన్నేళ్ళ తర్వాత దాన్ని ఎవరు కదిపారు, ఎందుకు కదిపారు, ఎవరికి లాభం అని వారమంతా ఆలోచించాను. ఆదివారం పొద్దున్న సంచిలో జీడి కొట్టే కర్ర, గుప్పెడు కాల్చిన పిక్కలు, కాగితం పొట్లంలో బూడిద పెట్టుకున్నాను.

"కర్ర దేనికత్తా? ఎవుల్నైనా కొడతావేటి?"

"అవసరమైతే కొడతాను. పద."

ఆరున్నరకి ఆటో. మా ఊరి నుంచి కాశీబుగ్గకి తలకి నలభై రూపాయలు. ఆదివారం చేపల గంపలు కూడా ఎక్కుతాయి కాబట్టి వెనక సీటు దొరికితే వదలొద్దు. డ్రైవరు మాకు తెలిసినవాడే, అయినా అడిగాను, ఉప్పుగాలి పాట విన్నావా అని. "ఎందుకినలేదు పెద్దమ్మా, ఫోన్లో ఉన్నాది" అని పెట్టాడు. పాతదా కొత్తదా అని అడిగితే వాడికి తెలీదు. ఇంజను చప్పుడులో నాకూ తెలీలేదు. ఆపరా ఇంజను అన్నాను. కొబ్బరితోటల మధ్య రోడ్డు పక్కన ఆపాడు. ఆటోలో ఉన్న ఆరుగురూ నోరు మూసుకుని విన్నారు. గిటారుంది, సామ్యేలు గొంతుంది. వెనక ఏమీ లేదు.

"బాగుంది కదా పెద్దమ్మా, నున్నగా" అన్నాడు డ్రైవరు.

"నున్నగానే ఉంది. గుండు గీసినట్టుంది. నడుపు."

కాశీబుగ్గ చేరేసరికి ఏడున్నర. బస్టాండు ఎదురుగా ఇడ్లీ, బొంబాయి చట్నీ తిన్నాం. ప్లేటు ముప్పై, ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీలో పచ్చిమిరప ఎక్కువ. ఎనిమిదికి టెక్కలి వైపు పల్లెవెలుగు దొరికింది. ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. ఊరికే ఎక్కించుకుంటామంటే నాకు నమ్మకం కుదరదు, అందుకే చేతిలో డబ్బు పట్టుకునే కూర్చున్నాను.

కండక్టరు కార్డు చూసి, "డెబ్బై ఒకటా? ఇంకా ఎక్కువున్నట్టున్నావే మామ్మా" అన్నాడు.

"చూశావా, నువ్వైనా కనిపెట్టావు. మరి కార్డు రాసినోడికి కళ్ళు లేవా?"

"వేలిముద్ర ఏసి మార్పించుకోవచ్చు కదా."

వేళ్ళు చూపించాను. చిన్నప్పటి నుంచి జీడిరసంలో నానిన వేళ్ళు. గీతలు ఎప్పుడో కాలిపోయాయి, నున్నటి తోలు మిగిలింది. ఏ మిషను మీద పెట్టినా నేను మనిషిని కాదంటుంది. కండక్టరు సున్నా టిక్కెట్టు చింపిచ్చాడు. నందిగాం దాటి హైవే మీద గంట లోపే టెక్కలి. ఎండ ఎక్కక ముందే వెళ్ళండి. పది దాటితే నిలబడ్డానికి కూడా చోటుండదు.

బస్టాండు నుంచి హాలు పది నిమిషాల నడక. పెళ్ళిళ్ళు చేసే హాలు అది. పదికి ఆట అన్నారు, పదకొండున్నర దాటాక మొదలైంది. అంతసేపూ వచ్చినవాళ్ళని చూస్తూ కూర్చున్నాను. ఉప్పుగాలి అభిమానులు, తల నెరిసిన మగవాళ్ళు, పడవ బొమ్మ ఉన్న నల్ల బనియన్లు తొడుక్కుని, ఒకర్నొకరు వాటేసుకుంటున్నారు. విశాఖపట్నం నుంచి వచ్చారు, బరంపురం నుంచి వచ్చారు. ఒకావిడ సామ్యేలు ఫోటో ముందు పువ్వులు పెట్టి కళ్ళు తుడుచుకుంది. సామ్యేలు పోయి చాలా ఏళ్ళైంది. నలుగురిలో మిగిలింది డ్రమ్ములు వాయించే ప్రభుదాసు ఒక్కడే. మెడలో దండేసి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. మా ఇంట్లో ఎన్నిసార్లు గంజి తాగాడో ఆ నల్ల బనియన్లకి తెలీదు. నా వైపు చూశాడు. చూపు తిప్పేసుకున్నాడు. గుర్తుపట్టకా, పట్టా? అక్కడే నా అనుమానం రెట్టింపైంది.

నా పక్కన కూర్చున్నాయన పేరు ఇజ్రాయేలు. పలాసలో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఒళ్ళో గుడ్డసంచి, అందులో పాత టేపురికార్డరు.

"దేనికి బాబూ అది?" అన్నాను.

"అప్పట్లో సినిమా హాల్లో ఉప్పుగాలి పాటని దీన్లో పట్టుకున్నానప్పా. వీళ్ళు ఏటేటి మార్చేసినారో పోల్చుకుందామని."

హాలు మొత్తం మీద నాలాంటి మనిషి ఒకడున్నాడని కాస్త ఊపిరొచ్చింది.

దీపాలు ఆర్పారు. ఈలలు. బొమ్మ పడింది. నిజం చెబుతాను, బాగుంది. ఇసుక రేణువు రేణువూ కనబడుతోంది. సామ్యేలు నవ్వితే వాడి పన్ను మీద పన్ను కూడా కనబడుతోంది. నల్ల బనియన్లు చిన్నపిల్లల్లా ఏడుస్తున్నారు, ప్రతి మాటా వాళ్ళకి ముందే వచ్చు, కలిసి అంటున్నారు. "సామ్యేలన్నా!" అని ఒకడు కేక పెట్టాడు. నేను మాత్రం లెక్కలు సరిచూస్తున్నాను. మా తోటలో ఆకు అంత పచ్చగా ఉండేది కాదు. అంతలో తెర మీద రెండు వీపులు వచ్చాయి. ఒకటి నాది, నీలం చీర. ఆ చీర అప్పటికే ఉతికి ఉతికి బూడిద రంగుకి వచ్చేసింది, తెర మీద కొత్త కోక. రెండో వీపు సుందరమ్మది. జడ ముడి కొంచెం పక్కకి జారి ఉంది, ఎప్పుడూ అంతే. భుజాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు. సామ్యేలు పాట ఎత్తుకున్నాడు, చప్పుడు లేదు. హాలు చప్పట్లు కొట్టింది.

"ఆపండి!" అన్నాను. ఎవరూ ఆపలేదు. లేచి తెర ముందుకెళ్ళి నిలబడ్డాను. సామ్యేలు గిటారు బొమ్మ నా మొహం మీద పడింది. అప్పుడాపారు.

"ఎవరండీ ఈవిడ? కూర్చోబెట్టండి" అని ఒక నల్ల బనియను లేచాడు.

"నాను కూకుంటాను. నా యారాలెక్కడుందో సెప్పండి, కూకుంటాను."

రీలుని బాగుచేసిన కుర్రాడు వచ్చాడు. కిరణ్ అట, హైదరాబాదు. ముప్పై ఏళ్ళుంటాయి, మెడలో చెవులకి పెట్టుకునే తొడుగు. మర్యాదగానే మాట్లాడాడు. మర్యాదగా మాట్లాడేవాళ్ళని ఇంకాస్త జాగ్రత్తగా వినాలి.

"అమ్మా, పాత రీలు మీద దుమ్ము పడితే, గీత పడితే టక్ టక్ అని చప్పుడు వస్తుంది. మిషను అలాంటివి వెతికి తీసేస్తుంది. ఈ పాటలో వందల్లో ఉన్నాయి. దుమ్మే అనుకున్నాం."

"దుమ్మా? ఎదురుగా మేం కొడతన్నాం కదా, కళ్ళు లేవేటి?"

"కర్ర కనబడలేదమ్మా. వీపులే ఉన్నాయి. భుజాలు కదులుతుంటే మీరిద్దరూ నవ్వుకుంటున్నారనుకున్నాను."

"జీడిపప్పు పాకెట్లోనే పుడతాదనుకున్నావేటి బాబూ?"

కొందరు నవ్వారు. ఇందాకటి నల్ల బనియను నవ్వలేదు. అతనే బరంపురం మనిషి, ఆ హమ్మయ్య రాసినవాడని తర్వాత తెలిసింది. "అమ్మా, తప్పుగా అనుకోకండి. ఆ టకటక నాకు నచ్చకపోయినా, అది ప్రభుదాసన్నదే. గిటారు పెట్టె మీద వేళ్ళతో కొట్టారు. మాకు ఎన్నోసార్లు చెప్పారు. ఆ వీపు మీదేనని మాత్రం ఎలా నమ్మాలి?" అన్నాడు.

అదీ సంగతి. నేను ఇంతసేపూ మిషన్ని అనుమానించాను. హాలంతా ప్రభుదాసు వైపు చూసింది. వాడు తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"ప్రభుదాసూ, నా మొకం సూసి సెప్పు" అన్నాను.

"చాలా ఏళ్ళయింది వదినా. ఎవరికి గుర్తు" అన్నాడు, మెల్లగా.

నా సంచి తెచ్చాను. వంటగదిలోంచి సన్నికల్లు ఇమ్మని కేకేశాను. వంటామె మోసుకొచ్చింది. "మసాలా ఇంకా నూరలేదు, బేగి ఇచ్చీయప్పా, మూడొందల మందికి భోజనాలు" అంది. నేల మీద కూర్చుని, జీడిరసం అంటకుండా వేళ్ళకి బూడిద రాసుకున్నాను. ఇజ్రాయేలుని కేసెట్టు పెట్టమన్నాను.

మీకు తెలియాలి కాబట్టి చెబుతున్నాను. పిక్కని గట్టిగా కొడితే పప్పు ముక్కలవుతుంది, ముక్కకి విలువ లేదు. ఒకవైపు ఒక దెబ్బ, తిప్పి, రెండోవైపు దెబ్బ, నెర్రె విచ్చాక చిన్న దెబ్బ. తిప్పేటప్పుడు చెయ్యి ఆగుతుంది. టక్. ఆగు. టక్ టక్. ఆ ఆగడం పిక్క తిప్పిన వేళ్ళకే వస్తుంది. సుందరమ్మ కుడి బొటనవేలు జీడిరసానికి కాలి బిగుసుకుపోయింది. తిప్పడానికి దానికి ఇంకాస్త ఆలస్యం. అందుకని నా దెబ్బ వెనకాల దాని దెబ్బ కుంటుకుంటూ వచ్చేది.

కేసెట్టు గరగరలాడింది. చప్పుడు మొదలైంది. నేను కర్ర ఎత్తాను. నలభై ఏళ్ళ కిందటి నా దెబ్బా, ఇప్పటి నా దెబ్బా ఒకదాని మీద ఒకటి పడ్డాయి, తేడా లేదు. ప్రతిసారీ వెనకాల, నాది కాని చప్పుడు ఒకటి కుంటుకుంటూ వచ్చింది. అలా ఆరు పిక్కలు. ఏడో పిక్కకి ఇజ్రాయేలు టేపు ఆపేశాడు, నేను కొడుతూనే ఉన్నాను. టక్. ఆగు. టక్ టక్. వెనకాల ఎవరూ రాలేదు. అక్కడ నాకు చెయ్యి ఆగిపోయింది.

ఏడు పప్పులూ గుండుగానే వచ్చాయి, ఒక్కటీ విరగలేదు. ఒకటి కిరణ్ చేతిలో పెట్టి తినమన్నాను. "ఇదీ నువ్వు కడిగేసిన దుమ్ము."

ప్రభుదాసు లేచాడు. మెడలో దండ తీసి కుర్చీ మీద పెట్టాడు. మైకు ఇవ్వబోతే వద్దన్నాడు. "పెట్టె మీద నేను కొట్టలేదు. మొదటిసారి ఎవరో అడిగితే నోటికొచ్చింది చెప్పాను, తర్వాత దిద్దుకోలేకపోయాను. ఊరూరా వాయించాను ఆ పాట. ఆ ఆగేది ఉంది చూశారూ, అది నాకు ఎప్పుడూ రాలేదు" అన్నాడు. నా వైపు తిరిగి, "సుందరొదిన ఎలాగుంది?" అన్నాడు.

"నీకు గంజి పోసినన్నాళ్ళూ బాగానే ఉండేది. ఎప్పుడు పోయిందో కూడా తెలీదా నీకు?"

వాడు కుర్చీలో కూలబడ్డాడు. జాలేసింది. జాలి వేరు, నమ్మకం వేరు.

బరంపురం మనిషి నా పక్కన గొంతుక్కూర్చుని, ఆ హమ్మయ్య తీసేస్తానమ్మా అన్నాడు. ఉంచు నాయనా, నువ్వలా రాయబట్టే నేనొచ్చాను అన్నాను. అందరూ అతనిలా లేరు. శుభ్రంగా ఉన్నదే బాగుంది, పాతది మళ్ళీ ఎందుకని భోజనాల దగ్గర ఇద్దరు ముగ్గురు గొణుక్కున్నారు. గొణుక్కోనివ్వండి. కిరణ్ మాత్రం అసలు శబ్దం భద్రంగా ఉందని, మిషను తీసింది ఈ ఒక్క పాటకి వెనక్కి పెట్టేస్తానని, వచ్చే నెల పలాస ఆటకి వినిపిస్తుందని చెప్పాడు. పోనీ ఇప్పటికి కంప్యూటరు మీద అలాంటి చప్పుడు ఒకటి చేసి పెట్టనా అని కూడా అడిగాడు. వద్దన్నాను. నా చప్పుడు లేకపోయినా పరవాలేదు, సుందరమ్మ చప్పుడు లాంటిది నాకొద్దు, సుందరమ్మదే కావాలి. అలాగే అన్నాడు. రాసియ్యమన్నాను. రాసిచ్చాడు. ఆ కాగితంలో ఏముందో నాకు తెలీదు కాబట్టి, నాది కూడా ఒకటి ఉండాలని ఇది రాయిస్తున్నాను.

మూడున్నర అయింది, నాలుగింటికి బస్సు. వరండాలో కూర్చుంటే ఒకటే అనిపిస్తోంది. పాతదాన్ని బాగుచేసేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, ఆ కుర్రాడు నిద్ర మానుకుని చేశాడట, కళ్ళు చూస్తే తెలుస్తోంది. కాకపోతే ఏది మరకో ఏది మనిషో వాళ్ళకి చెప్పేవాళ్ళు ఎవరూ పక్కన లేరు. ఇన్నాళ్ళూ వీపు తిప్పుకుని కూర్చున్న తప్పు నాది కూడా. ఒక్కసారి ఇటు తిరిగి ఉంటే సుందరమ్మ మొహం ఉండేది. మా సినిమా చూడ్డానికి పలాస వచ్చేవాళ్ళకి ఒక్క మాట. నేరుగా హాలుకి పోకండి. పక్కనే ఉన్న కాశీబుగ్గలో ఇప్పటికీ చేత్తో పిక్కలు కొట్టే చోట్లు ఒకటో రెండో ఉన్నాయి, ఎవరినడిగినా చూపిస్తారు. ఎనిమిది లోపు వెళ్ళి, అడ్డం రాకుండా, ఫోను తియ్యకుండా, పది నిమిషాలు నిలబడి వినండి. ఆ తర్వాత హాల్లో కూర్చుని ఆ పాట వినండి. మా చప్పుడు పెట్టారో, పెట్టినట్టు చేశారో మీకే తెలుస్తుంది. నాకు కబురు చెయ్యండి.

ఇది సుజాత మొత్తం చదివి వినిపించింది. రెండు చోట్ల నా తిట్లు తీసేసింది. పట్టుకున్నాను. ఒకటి పెట్టించాను, ఒకటి వదిలేశాను.

తామాడ నీలమ్మ నిశానీ: ఎడమచేతి బొటనవేలు, జీడి బూడిదతో. గీతలు పడలేదు. పడవు.

రాసినది: కోడలు సుజాత.

సాక్షులు:
ఇజ్రాయేలు, రిటైరైన రైల్వే గార్డు, పలాస. కేసెట్టు నా దగ్గరే ఉంది, ఎవరికీ ఇవ్వను.
ప్రభుదాసు, టెక్కలి. ఆ రోజు తోటలో కొట్టింది నీలమ్మ, సుందరమ్మ. నేను కాదు.